ఓడలో రాత్రి భోజనం: టికెట్టులో ఉన్నది చాలదా?

ప్రశ్న: మేమిద్దరం, పదేళ్ల మా బాబు, శాకాహారి అయిన మా అత్తగారు కలిసి మొదటిసారి ఏడు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్తున్నాం. మెయిన్ డైనింగ్ రూమ్ భోజనం టికెట్టులోనే ఉందట. అయినా బుక్ చేసిన రోజు నుంచి, ఓడలోనే విడిగా డబ్బిచ్చి తినే స్పెషాలిటీ రెస్టారెంట్లలో మూడు రాత్రుల ప్యాకేజీ ఇప్పుడే కొంటే తగ్గింపు అంటూ మెయిళ్లు వస్తున్నాయి. కొనకపోతే మంచి భోజనం పోగొట్టుకుంటామా?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్యాకేజీ కొనకండి. అంతగా మనసైతే ఒక్క రాత్రికి, అదీ మెనూ చదివాకే, స్పెషాలిటీ రెస్టారెంట్‌లో టేబుల్ తీసుకోండి. తగ్గింపు లేకుండా పూర్తి ధర ఇచ్చినా, ఒక రాత్రి ఖర్చు మూడు రాత్రుల ప్యాకేజీ కన్నా తక్కువే అవుతుంది.

ఈ రెండు చోట్ల వంట జరిగే తీరు తెలిస్తే ఏది ఎక్కడ తినాలో మీకే తోస్తుంది. పెద్ద ఓడల మెయిన్ డైనింగ్ రూమ్‌లో వేలమందికి వడ్డించాలి. పాత పద్ధతి పాటించే ఓడల్లో ఆరు గంటల ప్రాంతంలో మొదటి బంతి, ఎనిమిది దాటాక రెండో బంతి కూర్చుంటాయి. అంతమందికి ఇంచుమించు ఒకేసారి ప్లేట్లు వెళ్లాలి కనుక సూపులు, సన్నని సెగ మీద చాలాసేపు ఉడికినవి, పెద్ద ముక్కగా రోస్ట్ చేసి కోసేవి, ముందే అమర్చి పెట్టగల చల్లని వంటకాలు అక్కడ నిజంగా బాగుంటాయి. పెనం మీంచి దించగానే తినాల్సిన స్టేక్ (మందపాటి మాంసం ముక్క), గుడ్ల నురగతో పొంగించి ఓవెన్‌లోంచి తీసిన కాసేపటికే కుంగిపోయే సూఫ్లే లాంటివి అంత బాగా రావు. స్పెషాలిటీ రెస్టారెంట్ చిన్నది. అక్కడ ఆర్డరు వచ్చాకే పెనం పొయ్యి మీదికి ఎక్కుతుంది. మీరు ఇచ్చే అదనపు డబ్బు ముఖ్యంగా ఈ తేడాకే కాబట్టి, అక్కడికి వెళ్లి సూపు, రోస్ట్ తిని రావడంలో అర్థం లేదు.

మీ అత్తగారి సంగతి ఇంకా ముఖ్యం. మెయిన్ డైనింగ్ రూమ్‌లో మెనూ రోజూ మారుతుంది, అందులో శాకాహార వంటకాలు ఉంటాయి, ముందుగా చెబితే మర్నాటికి ప్రత్యేకంగా చేయించే ఏర్పాటు కూడా చాలా ఓడల్లో ఉంది. స్పెషాలిటీ రెస్టారెంట్‌లో సాధారణంగా వారమంతా ఒకే మెనూ. అది స్టేక్ హౌస్ అయితే శాకాహారికి మిగిలేది సలాడ్, పక్కన వడ్డించే కూరగాయలు. డబ్బు మాత్రం చాలాచోట్ల తలకింత అని, మాంసం తినే పెద్దవాళ్లతో సమానంగా తీసుకుంటారు. మీరంతా కలిసి వెళ్లేదైతే, పాస్తా లాంటి శాకాహార వంటకాలు దొరికే ఇటాలియన్ రెస్టారెంట్ ఎంచుకోండి.

ఓడలో విడిగా డబ్బిచ్చి తినడం కొత్తేమీ కాదు. 1905లో జర్మన్ ఓడ ‘అమెరికా’ రిట్జ్ పేరుతో అలాంటి రెస్టారెంట్ తెరిచింది. 1912లో టైటానిక్ మొదటి తరగతి ప్రయాణికులకూ ఒకటి ఉండేది. మీ ఓడ ఏ కంపెనీదో మీరు రాయలేదు. ఓషియానియా, వైకింగ్ ఓడల్లో స్పెషాలిటీ రెస్టారెంట్లకు విడిగా రుసుము లేదు, టేబుల్ రిజర్వు చేసుకుంటే చాలు. వర్జిన్ వాయేజెస్ ఓడల్లో అసలు మెయిన్ డైనింగ్ రూమే లేదు. మిగతా చాలా కంపెనీల్లో కవర్ ఛార్జి, అంటే భోజనానికి తలకింత అని రుసుము ఉంటుంది, దాని మీద తరచుగా 18 నుంచి 20 శాతం సర్వీసు ఛార్జి కలుపుతారు, మద్యం లెక్క వేరు. రోజువారీ టిప్పు కింద మీ ఖాతాలో వేసే మొత్తం, మీరు ఆ రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌కు వెళ్లలేదని తగ్గదు.

డబ్బు లెక్కలో కనబడనిది ఒకటుంది, నాకు అదే అన్నిటికన్నా విలువైనది. టేబుల్ స్థిరంగా కేటాయించే పద్ధతిలో వారమంతా ఒకే వెయిటర్ వడ్డిస్తారు. నా మొదటి ప్రయాణంలో మొదటి రాత్రి మా అమ్మ ఐస్ లేని నీళ్లు అడిగింది. రెండో రాత్రి మేం కుర్చీలు లాక్కునేసరికే ఆమె గ్లాసు ఒక్కటే ఐస్ లేకుండా నిండి ఉంది. మూడో రాత్రికి, పళ్ల నొప్పితో ఉన్న ఆమె కోసం బ్రెడ్ బుట్టలో మెత్తని రొట్టెలే పైన కనిపించాయి. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. మూడు రాత్రులు వేరేచోట తింటే ఈ పరిచయం ముదిరే లోపే ప్రయాణం అయిపోతుంది.

ఇక ఆ ఒక్క రాత్రి ఏదన్నది. ఫార్మల్ నైట్, అంటే అందరూ దర్జాగా ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి, వద్దు, ఎందుకంటే మెయిన్ డైనింగ్ రూమ్ తన మంచి మెనూను సాధారణంగా ఆ రోజుకే అట్టేపెడుతుంది. రేవులో రోజంతా తిరిగి అలసిపోయిన సాయంత్రమూ వద్దు. స్పెషాలిటీ రెస్టారెంట్‌లో భోజనానికి రెండు గంటలు పట్టవచ్చు, మీ బాబు అంతసేపు కూర్చోలేడు. ఓడ సముద్రంలోనే ఉండే రోజు మధ్యాహ్నం ఆ రెస్టారెంట్ తెరుస్తారేమో అడగండి. అలా తెరిచే ఓడల్లో రాత్రి కన్నా తక్కువకే తినవచ్చు. టేబుల్ దొరకదన్న భయం ఉంటే ఇప్పుడే ఒక రాత్రికి మాత్రం బుక్ చేసి, డబ్బు పోకుండా ఎప్పటి వరకు రద్దు చేసుకోవచ్చో రాసిపెట్టుకోండి. మెయిన్ డైనింగ్ రూమ్‌లో రెండు రాత్రులు తిన్నాక మీ అత్తగారినే అడిగి ఉంచాలో రద్దు చేయాలో తేల్చుకోండి.