బ్యాగు అడుగున జీన్స్

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. శనివారాలు అక్కడ కలర్ డ్రెస్ వేసుకోవచ్చు. జీన్స్ వేయకూడదని, చున్నీ లేకుండా గుమ్మం దాటకూడదని మావారు, అత్తయ్యగారు గట్టిగా చెప్పారు. పాప సరేనంది. మొన్న బ్యాగు సర్దుతుంటే అడుగున జీన్స్, టాప్ కనిపించాయి. దారిలో స్నేహితురాలి ఇంట్లో మార్చుకుంటోందట. మావారికి చెబితే శనివారం స్కూలే మానిపిస్తారని భయం. ఇంటర్ చదివే మా అబ్బాయిని మాత్రం ఏ బట్టలు వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. నేనేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ వారికి ఈ రోజే చెప్పేయకండి. ముందు అమ్మాయితో మాట్లాడండి. అందుకు రెండు మూడు రోజులు ఆగితే మీరేదో దాచినట్టు కాదు. ఆ తర్వాత ఆయనకు తెలియాల్సిందే. కానీ మీరు చెప్పబోతున్నారని అమ్మాయికి ముందే తెలియాలి.

ఇందులో నాకు భయం వేసిన సంగతి ఒకటుంది. దారిలో ఎవడైనా మీ పాపను ఏడిపించాడనుకోండి. ఇంటికొచ్చి చెప్పాలంటే ముందు జీన్స్ గురించి చెప్పాలి, స్నేహితురాలి ఇంటికి వెళ్ళిన సంగతి చెప్పాలి. తిట్లు తప్పవని తెలుసు కాబట్టి నోరు విప్పదు. మీరు పెట్టిన నియమం పిల్లను కాపాడటానికే. ఇప్పుడు దానివల్లే ఆపద వచ్చినా మీ దగ్గరికి రాలేని పరిస్థితిలో పడింది. అందుకే మీరు మొదట చెప్పాల్సిన మాట ఇది: "నువ్వు ఏ బట్టల్లో ఉన్నా, ఎక్కడున్నా, ఇబ్బంది వస్తే నాకు ఫోన్ చెయ్. బట్టల గురించి ఆ రోజు ఒక్క మాట కూడా అనను." అన్నాక ఆ మాట మీద నిలబడాలి.

అబద్ధం ఎందుకాడావని మాట మొదలుపెట్టకండి. శనివారం క్లాసులో ఏం జరుగుతుందో అడగండి. అందరూ ఒకలా వచ్చి తానొక్కతే వేరుగా ఉంటే ఎవరైనా వెక్కిరిస్తున్నారేమో. పద్నాలుగేళ్ళ పిల్లకు అది చిన్న బాధేం కాదు. మనకు చిన్నదిగా కనిపిస్తుంది, అంతే.

మీ వారి భయాన్ని కొట్టిపారేయను. షేర్ ఆటోల్లో ఇరుక్కుని, సెంటర్లో కుర్రాళ్ళ మధ్య నుంచి ఆడపిల్ల వస్తోందంటే ఏ తండ్రికైనా టెన్షనే. కానీ చున్నీ వేసుకున్న ఆడపిల్లల జోలికి ఎవరూ రారా? ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లల్ని లైంగిక దురుద్దేశంతో పదేపదే వెంబడించడం నేరం. పిల్ల ఏం వేసుకుందన్న షరతు అందులో లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరమైతే 112. ఈ రెండు నంబర్లూ పాపకు నోటికి వచ్చేలా చేయమని ఆయనకే అప్పజెప్పండి. ఆయన భయానికి పనికొచ్చే దారి దొరుకుతుంది.

అలాగని ఇంట్లో నియమాలే వద్దనను. పిల్ల "ఎందుకు?" అని అడిగితే పెద్దలు మొహం తిప్పుకోకుండా జవాబు చెప్పగలిగినవి ఉండాలి. స్కూలు ఏది ఒప్పుకుంటుందో అది ఒకటి. మన విశాఖ ఉక్కపోత ఇంకొకటి: జూన్‌లో బడి తెరిచేనాటికి ఒంటికి అతుక్కునే జీన్స్, లెగ్గింగ్‌లు రోజంతా వేసుకుంటే చెమటకాయలు, దురదలు తప్పవు. వదులుగా ఉండే కాటన్ ప్యాంటు, పొడవు టాప్ అయితే పాపకూ హాయి, అత్తయ్యగారికీ పెద్ద అభ్యంతరం ఉండకపోవచ్చు. చున్నీ సంగతి కూడా ఆలోచించండి. బండి వెనక కూర్చున్నప్పుడు చున్నీ చక్రంలో చుట్టుకుని ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. వేసుకున్నా కొసలు ముడేసుకోవాలి. అబ్బాయికి కూడా ఏదో ఒక నియమం ఉండాలి. లేకపోతే పాప దృష్టిలో ఇది బట్టల నియమం కాదు, ఆడపిల్లగా పుట్టినందుకు వేసిన శిక్ష. ఆమె అలా అనుకుంటే తప్పు పట్టలేం.

అత్తయ్యగారితో మీరు వాదనకు దిగకండి. ఆ మాట కొడుకు నోటి నుంచి వస్తే ఆవిడ వినే అవకాశం ఎక్కువ. వీలైతే ఈసారి జగదాంబ సెంటర్‌కి బట్టలకు వెళ్ళేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్ళండి. రెండు డ్రెస్సులు మనవరాలు ఎంచుకుంటుంది, ఒకటి నాయనమ్మ ఎంచుతుంది.

ఒక్క చోట మాత్రం మీరు మెత్తబడకూడదు. బట్టల కోసం స్కూలు మానిపించడానికి ఒప్పుకోకండి. "కోపం ఉంటే పిల్లతో మాట్లాడండి, చదువు జోలికి రావద్దు" అని మీ వారికి ఇద్దరే ఉన్నప్పుడు నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి.

ఆ స్నేహితురాలి అమ్మకు కూడా ఫోన్ చేయండి, పాపకు చెప్పే చేయండి. ఆవిడను నిలదీయాల్సిన పని లేదు. తన ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడకు తెలియకపోవచ్చు. ఉదయం మీ ఇంటి దగ్గర బయలుదేరాక పిల్ల ఎన్ని గంటలకు ఎక్కడ ఉంటుందో మీ ఇద్దరికీ తెలిసి ఉంటే చాలు.