విమానం గంటా పావే, మరి ఇంటి నుంచి ఇంటికి?

ప్రశ్న: మాది జడ్చర్ల. మా అమ్మాయి బెంగళూరులో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటుంది. మా నాన్నను అక్కడికి తీసుకెళ్లాలి, ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఫోన్‌లో చూస్తే హైదరాబాద్ నుంచి బెంగళూరు విమానంలో 500 కిలోమీటర్లు, గంటా పావు. రోడ్డు మీద 570, తొమ్మిది గంటలు. విమానమే నయం కదా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ గంటా పావు శంషాబాద్ నుంచి లెక్కమ్మా, మీ గడప నుంచి కాదు. 500 అనేది రెండు ఊళ్ల మధ్య తిన్నగా కొలిచిన దూరం, రోడ్డు ఊళ్లను కలుపుకుంటూ పోతుంది కాబట్టి 570 అయింది. కిలోమీటర్ల సంగతి అంతే, చూసుకోవాల్సింది టైము.

బెంగళూరు మీకు దక్షిణాన ఉంటే, విమానం కోసం ముందు ఉత్తరానికి 65 కిలోమీటర్లు పోవాలి. అదొక గంటా పావు. చెకిన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, పెద్దాయన వెంట ఉన్నారు కాబట్టి రెండు గంటల ముందే చేరాలి. దిగాక సామాను చేతికొచ్చేసరికి అరగంట. దిగేదేమో దేవనహళ్లిలో, ఊరికి ఉత్తరాన. ఎలక్ట్రానిక్ సిటీ దక్షిణపు కొసన ఉంది. మధ్యలో 50 కిలోమీటర్ల పైనే, సాయంత్రం హెబ్బాళ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రెండు గంటలు ఎటూ పోవు. అన్నీ కలిపితే ఏడు గంటలు!

కారైతే 44వ నంబరు జాతీయ రహదారి మీ ఊరి మీదుగానే పోతుంది. కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్లి అదే దేవనహళ్లి పక్క నుంచి బెంగళూరులోకి దిగుతుంది. అంటే విమానంలో వచ్చినా కారులో వచ్చినా ఆ చివరి ట్రాఫిక్ తప్పదు. రోడ్డు బాగుంటుంది, కానీ నాన్నగారి కోసం ఆగుతూ పోతే పది గంటలు పట్టొచ్చు, ఆ మోకాళ్లతో అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోబెట్టడం నాకైతే ఇష్టం లేదు.

నన్నడిగితే రైలెక్కండి. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. పొద్దున ఏడు ప్రాంతంలో ఎక్కితే మధ్యాహ్నం రెండుకల్లా యశ్వంత్‌పూర్. మధ్యలో నాన్నగారు లేచి నాలుగడుగులు వేయొచ్చు. అక్కడి నుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో ఆర్.వి. రోడ్ వరకు వెళ్లి, 2025 ఆగస్టులో తెరిచిన ఎల్లో లైన్‌కు మారితే ఎలక్ట్రానిక్ సిటీలోనే దిగుతారు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. వారంలో ఒకరోజు ఆ రైలు ఉండదు, టికెట్ తీసేముందు చూసుకోండి. సీటు దొరక్కపోతే అప్పుడు విమానం, బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి.

ప్రశ్న: నల్గొండ నుంచి తిరుపతికి విమానంలో వెళ్తే టైము కలిసొస్తుందా? – ఒక పాఠకుడు

జవాబు: పెద్దగా కలిసిరాదు. మీకు శంషాబాదే వంద కిలోమీటర్ల దూరం, అటు రేణిగుంటలో దిగి మళ్లీ కొండెక్కాలి. రాత్రి నల్గొండలో నారాయణాద్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి తిరుపతి. పగలే వెళ్లాలంటే సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ కూడా మీ ఊళ్లో ఆగుతుంది. ఢిల్లీకో ముంబయికో అయితే మాత్రం ఇంత లెక్క అక్కర్లేదు, విమానమే ఎక్కండి.