ఎర్ర కారుకి నల్ల వీల్సా?

ప్రశ్న: మాది ఎర్ర స్విఫ్ట్, 2019 వీఎక్స్ఐ. 14 అంగుళాల స్టీల్ వీల్స్ తీసేసి అల్లాయ్స్ వేయిద్దామనుకుంటున్నాను. ఫ్రెండ్స్ గ్లాసీ బ్లాక్ (నిగనిగలాడే నలుపు) అంటున్నారు, షాపతనేమో డైమండ్ కట్ తీసుకోమంటున్నాడు. ఏది బాగుంటుందండీ?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఊళ్లో అయితే డైమండ్ కట్ జోలికి పోకండి. షోరూమ్ లైట్ల కింద తళతళలాడుతుంది, కాదనను, కానీ లేత్ మీద చెక్కిన ఆ అల్యూమినియానికి పైనున్న లాకర్ (పారదర్శకమైన వార్నిష్ లాంటిది) పూతే రక్ష, ఒక్కసారి ఫుట్‌పాత్ అంచు గీరుకుందంటే ఆ గీతలోంచి తేమ, ఉప్పు గాలి లోపలికి దూరి లాకర్ కింద తెల్లటి చారలు పాకుతాయి. దాన్ని టచప్‌తో సరిచేయలేం, మళ్లీ లేత్ ఎక్కించాల్సిందే.

ఎరుపు మీద నలుపు బాగానే ఉంటుంది, ముఖ్యంగా రూఫ్ కూడా నల్లగా ఉంటే. కాకపోతే నల్ల వీల్ టైర్‌లో కలిసిపోయి చిన్నదిగా కనిపిస్తుంది, పైగా గ్లాసీ బ్లాక్ మీద దుమ్ము, నీటి మరకలు దాగవు. నన్నడిగితే గన్‌మెటల్, అంటే ముదురు బూడిద రంగు. ఎరుపుకి ఎదురు నిలుస్తుంది, బ్రేక్ డస్ట్‌ని కూడా దాచేస్తుంది. డిజైన్ ఐదు స్పోకులది చాలు, సన్న స్పోకుల మధ్య గుడ్డ దూర్చి తుడవడం పెద్ద పని. క్రోమ్ మాత్రం ఎర్ర కారుకి వద్దే వద్దు!

సైజు 15 అంగుళాలు చాలు. మీ 165/80 ఆర్14 టైర్ల బదులు 185/65 ఆర్15 టైర్లు వేస్తే మొత్తం చక్రం ఎత్తు దాదాపు అంతే, స్పీడోమీటర్‌తో పేచీ ఉండదు.