కీమోలో కూడా బడికి వెళ్తానన్న మా మేనకోడలికి

అమ్మలూ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. కీమో నడుస్తున్నన్నాళ్లూ సెలవు పెట్టనని, పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే పని ఇంకెవరికీ అప్పజెప్పనని, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి విజయనగరం నుంచి ఒక్కదానివే బస్సులో వెళ్లొస్తానని అన్నావట. మనింటి మొండితనం ఎక్కడికి పోతుందిలే అని మురిసిపోయాను గానీ, తర్వాత నిద్ర పట్టలేదు.

బడికి వెళ్లు, వద్దనను. ఓపిక ఉన్న రోజునే వెళ్లు. నీళ్లు బాగా తాగు, గుడ్డో పప్పో పూటపూటా తిను, మందు ఎక్కించుకునే రోజు పక్కన మనిషి లేకుండా బస్సెక్కకు.

నా భయమంతా మీ పెద్దత్త సంగతి గుర్తొచ్చే. తనకీ ముందు 4 సార్లు డాక్సోరుబిసిన్ అనే ఆ ఎర్ర మందే, మూడు వారాలకోసారి. (ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగే. మాకు తెలియక హడలిపోయాం.) వాంతులు రాకుండా స్టెరాయిడ్ కూడా ఇస్తారు కదా, దాని ఊపులో అక్కకి నిద్ర ఉండేది కాదు, ఎక్కడలేని హుషారు, దుప్పట్లన్నీ ఉతికేసి, వారానికి సరిపడా పిండి రుబ్బేసి, "చూశావా, నాకేం కాలేదు" అనేది. స్టెరాయిడ్ ఆగిందా, మంచం దిగలేకపోయేది. పళ్లు తోముకోవాలన్నా స్టూలు వేయాల్సిందే. ఎంత పడుకున్నా తీరని నీరసం అది. అక్కేమో బద్ధకం పట్టుకుందని తనని తానే తిట్టుకునేది, వాళ్ల అత్తగారూ ఓ మాట కలిపేవారు, ఆవిడ ఇప్పుడు లేరు, పోనీలే. డాక్టరు ఎలా ఉందమ్మా అంటే "బాగానే ఉంది సార్". పక్కన నేను మోచేత్తో పొడిచినా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చెప్పేది కాదు. చివరికి బాత్రూంలో కళ్లు తిరిగి పడింది. చూస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది, రక్తం ఎక్కించారు. ఆ తర్వాత వీధి చివరిదాకా తనే నడిచి వెళ్లింది!

అందుకే చెప్తున్నా, హుషారుగా ఉన్న రోజున పనంతా మీదేసుకోకు. వంట మీ ఆయన చేస్తాడు, ఉప్పెక్కువైతే కాస్త సర్దుకోండి. నీరసం ఏ రోజు ఎంతుందో ఫోన్‌లో రాసుకుని డాక్టరుకి చూపించు. రక్తం తగ్గిందా, థైరాయిడా, నిద్ర లేకనా, దిగులా, వాళ్లు చూసి చెప్తారు. ఆయాసం గానీ కాళ్ల వాపు గానీ వస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకు, ఎర్ర మందు గుండె మీద పడే అవకాశం ఉందనే ముందుగా ఎకో, అదే గుండె స్కాన్, తీస్తారు. అలాగని రోజంతా పడుకోకు కూడా, వింతగా అనిపిస్తుంది గానీ కాస్త నడిస్తేనే ఈ నీరసం తగ్గుతుంది.

జ్వరం 100.4 తగిలితే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. పారాసిటమాల్ మింగి పేపర్లు దిద్దుతూ కూర్చున్నావని తెలిస్తే నేను ఊరుకోను, బంగారూ.

ఆదివారం వస్తున్నాను. ఈసారి ఆవకాయ తేవడం లేదు, కీమోకి నోరు పూస్తే కారం తగలనివ్వకూడదు.

మీ అత్త