జైలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం: మీ భయం ఖైదీలను చూసేనా?

తెనాలి నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివింది. విజయవాడలో జైలు ఆసుపత్రిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా వచ్చే వారం చేరాలి. ఖైదీల మధ్య ఆడపిల్లకు క్షేమమేనా? రేపు సంబంధాల వాళ్లకు ఏమని చెప్పుకోవాలి? దీనికంటే జర్మనీ మేలేమో, రెండూ పోల్చి చెప్పండి."

అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీ అసలు బెంగ సంబంధాల మాట దగ్గరే ఉంది. అడిగినవారికి జైలు ఆసుపత్రి అనే చెప్పండి. ఆ మాటకే వెనక్కి తగ్గే ఇంటికి మీ పిల్లను ఎందుకు ఇవ్వాలి? నాలుగేళ్లు కష్టపడి చదివిన అమ్మాయి తొలి ఉద్యోగాన్ని దాచుకోవలసిన విషయంగా మార్చకండి.

ఇక క్షేమం. మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ల నేరం ఇంకా రుజువు కాలేదు. పైగా అక్కడ కాపలా సిబ్బంది ఎప్పుడూ అందుబాటులో ఉంటారు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో రోగి బంధువులు మీదికి వచ్చినప్పుడు ఎందరు నర్సులకు ఆ పాటి అండ ఉంటోంది?

ఆ ఉద్యోగంలో కష్టం వేరే ఉంది. కొత్తగా వచ్చిన ఖైదీకి మొదటి రోజులే ప్రమాదం. మద్యం ఒక్కసారిగా ఆగిపోయి వణుకు, ఫిట్స్ రావచ్చు. అవమానంతో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనా రావచ్చు. వాటిని ముందు పసిగట్టవలసింది నర్సే. మాత్ర నాలుక కింద దాచుకోకుండా ఎదురుగా మింగించాలి. సూదులు, కత్తెరలు డ్యూటీ మారేటప్పుడు లెక్కపెట్టి అప్పగించాలి. "అక్కా, మా ఇంటికి ఒక్క ఫోను చేయవా" అని కన్నీళ్లతో అడిగినా చేయకూడదు; దారి ఏదైనా ఉంటే అధికారుల ద్వారానే. రోగిని జీజీహెచ్‌కు (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి) పంపమని డాక్టరు రాసినా ఎస్కార్ట్ పోలీసులు రాక ఆలస్యమైతే, ఆ సమయాలన్నీ రికార్డులో రాయాలి. మహిళల విభాగంలో తల్లుల దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఉండవచ్చు. మన రాష్ట్రం పేరున్న కేసులోనే సుప్రీంకోర్టు 2006లో వారికోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పసివాళ్ల టీకాలు, జ్వరాలు కూడా తన పనిలోకే వస్తాయి.

ఒక లోటు మాత్రం నిజం. ఐసీయూ పని అక్కడ చేతికి రాదు. అది కావాలంటే ఏడాది, రెండేళ్ల తరువాత పెద్ద ఆసుపత్రికి మారాలి.

జర్మనీ మీద నాకు అనుమానాలున్నాయి. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా భాష నేర్పుతామనే బోర్డులే గానీ, అక్కడ నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 (మధ్యస్థం కంటే పై) స్థాయి కావాలని, ఆ గుర్తింపు వచ్చేదాకా తక్కువ జీతానికి సహాయకురాలిగానే చేయాలని ఆ బోర్డుల మీద ఉండదు. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోనే పని దొరకడమూ మామూలే. అది చెడ్డ పని కాదు, కానీ తెలిసి వెళ్లాలి. విదేశాంగ శాఖలో నమోదైన ఏజెన్సీ అభ్యర్థి నుంచి తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. అయినా, పక్క ఊరి జైలుకే పంపలేని మీరు పరాయి భాషలో రాత్రి డ్యూటీలకు ఎలా పంపుతారమ్మా? అమ్మాయికి ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. ముందు ఆమెను అడగండి.

చేరతానంటే ఈ వారంలోనే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించండి. మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది. నియామక పత్రంలో జీతం ఎవరిస్తారో, పీఎఫ్ ఉందో లేదో చూడండి. రాత్రి డ్యూటీలో తోడుగా ఎవరుంటారో మొదటి రోజే అడగమనండి.