పేపరు ముక్కను నమ్ముకున్న పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మల్కాజిగిరిలో మీ పెదనాన్న, నేను క్షేమం. అక్కడ డాలస్‌లో నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను.

మీ కంపెనీ నీకు గ్రీన్ కార్డు పని మొదలుపెడతానన్నదని మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే, నా దగ్గర కూర్చుని ఎక్కాలు అప్పజెప్పిన పిల్ల ఇంతదయ్యిందా అని మనసు నిండిపోయింది. ఆ సంతోషం ఫోన్ పెట్టేదాకా కూడా నిలవలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో ఏజెంటు 3 లక్షలు కడితే 16 నెలల్లో కార్డు ఇప్పిస్తానన్నాడని, మీ నాన్న మర్నాడు బ్యాంకుకు వెళ్లడానికి సిద్ధంగా ఉన్నారని కూడా మీ అమ్మే చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి మీ నాన్నను ఆపాను. నీతో మాత్రం ఫోన్‌లో చెప్తే సగం విని "సరే పెద్దమ్మా" అంటావని, తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏజెంటు సంగతి ముందు తేల్చేస్తాను. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో భార్యాభర్తలూ పిల్లలూ అందరూ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతం మించకూడదన్నది చట్టంలో ఉన్న మాట కాబట్టే మనవాళ్ల వరుస పదేళ్లకు పైగా వెనకబడి నడుస్తోంది. ఆ వరుసను దాటించే శక్తి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికీ లేదు. చిలుకూరు బాలాజీకి మీ అమ్మ 11 ప్రదక్షిణలు అప్పుడే చేసి వచ్చింది, 108 కూడా మొక్కుకుంది. చేయనివ్వు, ఆయన రశీదు లేకుండా డబ్బు అడగడు. నెలలు లెక్కగట్టి హామీ ఇచ్చేవాడు ఎవరైనా సరే, కోటు వేసుకున్న లాయరైనా సరే, నమస్కారం పెట్టి బయటికి వచ్చెయ్యి.

లాయరును వెతకడం నువ్వు భయపడుతున్నంత కష్టం కాదు. అమెరికాలో ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా ఇమిగ్రేషన్ కేసు చూడవచ్చు, ఎందుకంటే అది కేంద్ర ప్రభుత్వ చట్టం. లైసెన్సు ఉన్నదా, ఎప్పుడైనా శిక్ష పడిందా అన్నది ఆ రాష్ట్రపు బార్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. అమెరికన్ ఇమిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్ అనే సంఘం జాబితాలోనూ వెతకవచ్చు. మన దగ్గర నోటరీ అంటే నల్లకోటు వేసుకున్న అడ్వకేటు. అక్కడ నోటరీ అంటే సంతకానికి సాక్షి మాత్రమే, అతనికి చట్టం మీద సలహా చెప్పే హక్కు లేదు. నీ తరఫున ఎవరు కేసు తీసుకున్నా జీ-28 అనే ఫారం మీద తన పేరు రాసి సంతకం చేయాలి. "ఫారం నేనే నింపుతాను గానీ నా పేరు ఎక్కడా వద్దు" అన్నవాడు లాయరు కాడు.

ఇక నువ్వు మీ అమ్మతో అన్న మాట: "అంతా కంపెనీ లాయరే చూసుకుంటాడు, నేను పట్టించుకోనక్కర్లేదు." సరిగ్గా ఈ మాటే 2005లో నేను మీ తాతయ్యతో అన్నాను. ఆ కథ నీకు సగమే తెలుసు. పిల్లల ముందు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉండేది.

నేను 2002 అక్టోబరులో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద న్యూజెర్సీ చేరాను, మీ పెదనాన్న దాని మీద భార్యాభర్తలకిచ్చే హెచ్-4 మీద నా వెంట వచ్చారు. ఇక్కడ పదకొండేళ్లు బ్యాంకు ఆఫీసరుగా చేసిన మనిషి అక్కడ ఉద్యోగం చేసే వీలు లేక, నాకు మధ్యాహ్నం డబ్బా కట్టి, సాయంత్రం బస్టాపు దగ్గరికి గొడుగు పట్టుకుని వచ్చేవారు. గ్రీన్ కార్డు వస్తే ఆయన ఉద్యోగంలో చేరవచ్చు. నా తొందరంతా అదే. 2005 శరదృతువులో కంపెనీ వాళ్లు లేబర్ మొదలుపెట్టామన్నారు. లేబర్ అంటే, ఈ ఉద్యోగానికి అర్హులైన అమెరికన్లు ఎవరూ దొరకలేదని కార్మిక శాఖ ముందు కంపెనీ నిరూపించుకోవడం. అందుకు రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వేయాలి. ఒక ఆదివారం పొద్దున ఆ ప్రకటన నా కంటబడింది. కోబాల్, డీబీ2 తెలిసిన ప్రోగ్రామర్ కావలెను అని నాలుగు వరుసలు. నేను చేస్తున్న ఉద్యోగానికే మనిషి కావాలన్న ప్రకటన చూసి సంబరపడ్డది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, ఓ మూల పసుపు పెట్టి, దేవుడి పటం వెనక దాచుకున్నాను. ఖర్చుల కింద కంపెనీ అడిగిన 4,000 డాలర్లు కూడా కట్టాను. రశీదు అడగలేదు, కేసు నంబరు అడగలేదు, లాయరు పేరు కూడా అడగలేదు. ప్రకటన పడింది కదా, లేబర్ వేసేశారనుకున్నాను. రెండేళ్లు ఆ కాగితం ముక్కకు దండం పెట్టుకున్నాను తల్లీ.

2007 జూన్‌లో, వరుసలో ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ జూలై సంచికలో ఉద్యోగాల కోటా దాదాపు అందరికీ కరెంట్ అయ్యిందన్నారు. లేబర్ ఉన్న ప్రతివాడూ వరుసతో పని లేకుండా ఐ-485, అంటే గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు, వేసుకోవచ్చు. మన తెలుగువాళ్లంతా మెడికల్ పరీక్షలకు డాక్టర్ల చుట్టూ తిరిగారు. చిన్నప్పటి బీసీజీ టీకా పుణ్యమా అని టీబీ పరీక్ష సూదికి పెదనాన్న చెయ్యి రూపాయి బిళ్లంత వాచి, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించాల్సి వచ్చింది. నాకేమో జనన ధ్రువీకరణ లేదు. నేను పుట్టిన 1968లో మా ఊళ్లో పుట్టుకలు నమోదు చేసిన నాథుడే లేడు. మీ అమ్మ నిన్ను స్కూలు మాన్పించి స్కూటరు మీద కూర్చోబెట్టుకుని నల్గొండ దాకా వెళ్లి, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగి, నా పుట్టుక నమోదు కాలేదన్న పత్రం తెచ్చింది. అమ్మమ్మ చేత, పెద్ద మేనమామ చేత స్టాంపు కాగితాల మీద అఫిడవిట్లు రాయించి కొరియర్ చేసింది. కవరు నాలుగు మూలలా పసుపు. నీకు గుర్తుందో లేదో, ఆ పసుపు అద్దింది నువ్వే.

జూలై 2న ప్రభుత్వం ఆ తలుపు మూసేసింది. మనవాళ్లు కోపం చూపకుండా ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టరుకు వందల పూలగుత్తులు పంపి నిరసన తెలిపారు, ఆయన వాటిని గాయపడిన సైనికులుండే ఆస్పత్రికి పంపించారు. జూలై 17న తలుపు మళ్లీ తెరిచి, ఆగస్టు 17 దాకా గడువు ఇచ్చారు. మర్నాడు నేను మొదటిసారి లాయరు ఆఫీసు నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి చాలాసేపు వెతికింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. చివరికి ప్రకటనలు వేసిన మాట నిజమే గానీ, కంపెనీ సంతకం రాకపోవడంతో దరఖాస్తు పంపలేదని, ప్రకటనల గడువు ఎప్పుడో తీరిపోయిందని చెప్పింది. నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎంతో మర్యాదగా, "మా క్లయింటు కంపెనీ, మీరు కాదు" అన్నది. ఆమె తప్పేమీ లేదు. నేను అడగలేదు, అంతే. హెచ్-1బీ మీద ఉండనిచ్చే నా ఆరేళ్ల గడువు 2008 అక్టోబరుకు అయిపోతుంది. మళ్లీ ప్రకటనలు వేసి లేబర్ పంపడానికి కంపెనీ "చూద్దాం" అంటూ కాలం గడిపింది. 2008 సెప్టెంబరులో నాలుగు పెట్టెలతో శంషాబాద్‌లో దిగాము. పెదనాన్న నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అందుకే చెప్తున్నాను. కంపెనీ లాయరు మంచివాడే కావచ్చు, పని ఆయన చేతే చేయించుకో. కానీ నీ సొంత ఖర్చుతో ఇంకో లాయరుతో ఒక గంట మాట్లాడు. కొన్ని వందల డాలర్లు అవుతుంది, అవనివ్వు. లేబర్ పంపిన రోజు కేసు నంబరు, తేదీ రాతపూర్వకంగా అడుగు, ఎందుకంటే ఆ తేదీయే నీ ప్రయారిటీ డేటు, వరుసలో నీ చోటు చెప్పేది అదే. తరువాత నీ కోసం కంపెనీ వేసే ఐ-140 అనే దరఖాస్తుకు రశీదు వస్తుంది. మూడు అక్షరాలు, పది అంకెలు ఉండే ఆ నంబరును ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకోవచ్చు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఐ-140 ఆమోదం పత్రం నకలు అడిగి తీసుకో. అందులో మోసమో పెద్ద పొరపాటో బయటపడితే తప్ప, రేపు నువ్వు ఉద్యోగం మారినా ఆ తేదీ నీదే. లేబర్‌కయ్యే లాయరు ఫీజు, ఖర్చులు కంపెనీయే పెట్టుకోవాలని 2007 జూలై నుంచి నిబంధన ఉంది. నేను మోసపోయానని తెలిసిన నెలలోనే అది అమల్లోకి వచ్చింది, నా అదృష్టం అలాంటిది. నీ జీతంలోంచి కోస్తామంటే ఒప్పుకోకు. అన్నిటికంటే ముఖ్యం, నీ హెచ్-1బీ ఐదో ఏడు నిండకముందే లేబర్ పంపించాలి. ఆరో ఏడు ముగిసేలోగా దానికి 365 రోజులు నిండితేనో, ఐ-140 ఆమోదమై ఉంటేనో ఆ పైన పొడిగింపు ఇస్తారు. నీకు మూడో ఏడు నడుస్తోంది. చాలా సమయం ఉందనుకుంటున్నావు, నేనూ అనుకున్నాను.

అమీర్‌పేటలో దొరికే దొంగ అనుభవపు ఉత్తరాల మాట మాత్రం నా చెవిన పడనివ్వకు. మీ బాబాయి కొడుకు నవ్వుతూ చెప్పాడట, రెండేళ్లు ఎక్కువ వేయిస్తే మంచి కేటగిరీలో పడుతుందని. అబద్ధం ఒకసారి ఫైలులోకి వెళ్లి బయటపడితే ఆ దేశంలో జన్మంతా అడుగుపెట్టనివ్వకపోవచ్చు. నీ చదువుకు, నీ అనుభవానికి ఏ కేటగిరీ వస్తే అదే చాలు.

కోప్పడ్డానని బాధపడకు. నీకు మంచి మాట కూడా ఒకటి దాచాను. అల్లుడు పుట్టింది కువైట్‌లో కదా? పెళ్లిచూపుల నాడు మీ అత్తగారు ఆ ఎండల గురించి గంటసేపు చెప్పింది. ఈ వరుసలో చూసేది పాస్‌పోర్టు దేశాన్ని కాదు, పుట్టిన దేశాన్ని. భార్యాభర్తల్లో ఒకరు పుట్టిన దేశపు కోటాను ఇద్దరికీ వాడుకునే వీలు చట్టంలో ఉంది. అంటే మీరిద్దరూ మనవాళ్ల వరుసలో నిలబడనక్కర్లేకపోవచ్చు. నువ్వు వెళ్లబోయే లాయరు మీ ఆయన ఎక్కడ పుట్టాడని తనంతట తాను అడుగుతాడేమో చూడు. అడిగితే అతని దగ్గరే ఉండు. అడగకపోతే నువ్వే అడిగి, ఏం చెప్తాడో నాకు రాయి. కువైట్ జనన పత్రం అత్తగారి బీరువాలో ఉందో లేదో ఈ వారమే కనుక్కో, అందులో ఇంటిపేరు అల్లుడి పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చు. అల్లుడు నీ హెచ్-1బీ మీదే హెచ్-4లో ఉన్నాడు కాబట్టి, నీ ఐ-140 ఆమోదమైతే, 2015లో వచ్చిన నిబంధన ప్రకారం అతను వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది చదివి వినిపిస్తే పెదనాన్న చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. తరువాత, "అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పమను" అన్నారు.

లేబర్ నంబరు వచ్చిన రోజు దాని ఫొటో ముందు నాకు పంపు. మీ అమ్మకు పంపితే కార్డే వచ్చిందనుకుని ఆ 108 ప్రదక్షిణలూ ఆ రోజే మొదలుపెడుతుంది, ఆవిడ మోకాళ్ల సంగతి నీకు తెలుసు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ