పాటలో ‘పరిశుద్ధుడు’ అని మూడుసార్లు ఎందుకు?

వందనాలు సిస్టర్. ఆదివారం యూత్ మీటింగ్‌లో ఆ ఆరాధన పాటకు అర్థం చెప్పాలి, ‘పరిశుద్ధుడు’ అని మూడుసార్లు ఎందుకో, గాజు సముద్రం ఏమిటో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

ముందు బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 6వ అధ్యాయం తెరవండి. ఆ మాట మూడుసార్లు వచ్చేది అక్కడా, ప్రకటన గ్రంథం 4:8లోనూ. సెరాపులకు, అంటే దేవుని దూతలకు, ఆరేసి రెక్కలు. రెండింటితో ముఖం, రెండింటితో కాళ్లు కప్పుకుని, మిగతా రెండింటితోనే ఎగురుతున్నారు. సింహాసనం దగ్గరుండే వాళ్లే ముఖం దాచుకుంటున్నారంటే! ఇక్కడ కాసేపు ఆగండి, పిల్లలకు పట్టుకునేది ఇదే.

హీబ్రూలో ఒక మాటను నొక్కి చెప్పాలంటే రెట్టిస్తారు. మూడోసారి కూడా అన్నారంటే ఇక దానికి మించింది లేదని. త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్నదాన్ని కూడా చాలామంది ఇక్కడ చూస్తారు. తప్పు లేదు గానీ, దాంతో మొదలుపెట్టకండి. మూలంలో మాట ‘కాదోష్’. శుభ్రం అనే కాదు, ప్రత్యేకంగా వేరుగా ఉన్నదని. చర్చిలో ప్రభు బల్ల ఆరాధనకు వాడే గిన్నెలో మనం టీ తాగం కదా, అలా.

గాజు సముద్రం ప్రకటన గ్రంథం 4:6లోది. ఆర్కే బీచ్ చూస్తూ పెరిగిన పిల్లలకు చెప్పడం తేలికే. మన సముద్రం ఒక్క నిమిషం ఊరుకోదు. సింహాసనం ఎదుట ఉన్నదాన్ని అల లేని స్ఫటికంలా ఊహించుకోమనండి.

మళ్లీ యెషయా 6కి వస్తే, దేవుణ్ణి చూసి యెషయా ‘నశించితిని’ అన్నచోట మాత్రం ఆపేయకండి. తర్వాత సెరాపు ‘కారుతో’ నిప్పు తెస్తాడు. కారంటే పట్టకారు, ముందే చెప్పకపోతే నవ్వులే! ఆ నిప్పు పెదవులకు తగిలి పాపం పోయిందన్న 7వ వచనం చదివించాకే పాట ఎత్తుకోండి.